ఆనా పౌకర్: రొమేనియా విదేశాంగ మంత్రిగా ఆమె ప్రస్థానంపై చర్చ

పాతపత్రిక:
మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారు దాచుకున్న 1950 ప్రాంతపు పత్రికలను సర్దుతూ ఉండగా రొమేనియా విదేశాంగ మంత్రి ఆనా పౌకర్ పేరు నాలుగైదు చోట్ల కనిపించింది. 1952 తర్వాతి సంచికలలో ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. అంతటి మనిషి పేరు అలా ఎందుకు మాయమైందో తెలుసుకోవాలని ఏడాదిగా దొరికినదల్లా చదువుతున్నాను.

తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఆమె 1893లో మోల్దావియా ప్రాంతంలోని కొడయెష్ట్ అనే ఊళ్లో, ఆచారపరులైన పేద యూదు కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులో బుకారెస్ట్‌లోని యూదు బడిలో పిల్లలకు హీబ్రూ నేర్పారు. 1915లో సోషలిస్టులలో చేరి, తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. 1935లో పోలీసులు పట్టుకున్నప్పుడు కాలికి తూటా తగిలింది. మరుసటి ఏడు క్రయోవాలో జరిగిన విచారణలో పదేళ్ల శిక్ష పడింది. 1941 మేలో సోవియట్ ప్రభుత్వం తన నిర్బంధంలో ఉన్న బెస్సరాబియా రాజకీయవేత్త ఇయాన్ కొద్రేయానును అప్పగించి ఆమెను మాస్కోకు తెచ్చుకుంది. 1944 సెప్టెంబరులో ఎర్రసైన్యం వెనుకనే స్వదేశానికి తిరిగి వచ్చారు. 1947 నవంబరులో విదేశాంగ మంత్రి అయ్యారు. ఆధునిక ప్రపంచంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమేనని చెబుతారు. 1948 సెప్టెంబరులో టైమ్ పత్రిక ఆమె చిత్రాన్ని ముఖచిత్రంగా వేసింది. ఆ పదవి 1952 జూలైలో పోయింది.

ఈ నాలుగున్నరేళ్లలో ఆమె తన ఇష్టంతో చేసినదేది, ఆమె పతనం తర్వాత ఇతరులు ఆమె తలకు చుట్టినదేది అన్నది వేరుచేసి చూడాలని నా కోరిక. రొమేనియా చరిత్ర చదివినవారు దయచేసి పాల్గొనండి.

కృష్ణాతీరం:
మంచి విషయం ఎత్తుకున్నారు. నేను ఎప్పుడో చదివిన దానిలో గుర్తున్నది ఒక్కటే. స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ పక్షీయుడని తన భర్త మార్చెల్ పౌకర్ మీద ఆమే స్టాలిన్‌కు ఫిర్యాదు చేసి కాల్పించారని అందులో ఉంది. అది నిజమైతే ఆమె గురించి ఇంకేమీ చర్చించనక్కరలేదని నా అభిప్రాయం.

దస్త్రాలగది:
కృష్ణాతీరం గారూ, ఆ కథ పడమటి దేశాల పత్రికలలో చాలా కాలం నడిచింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే అది నిలవదు. ఆనా పౌకర్ 1935 జూలై నుంచి 1941 మే వరకు రొమేనియా జైళ్లలోనే ఉన్నారు. మార్చెల్ పౌకర్‌ను మాస్కోలో 1937లో అరెస్టు చేసి, 1938 ఆగస్టులో కాల్చి చంపారు. రొమేనియా జైలు గదిలో శిక్ష అనుభవిస్తున్న ఖైదీ మాస్కోలోని భర్తను ఎలా పట్టించగలదు? పైగా జైలులోని సహచరులు భర్తను ఖండించమని ఒత్తిడి చేసినా ఆమె అంగీకరించలేదని సాక్ష్యాలు ఉన్నాయి.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. తన భర్తను మింగిన ప్రభుత్వం పట్ల విధేయతను ఆమె ఏనాడూ వదులుకోలేదు. ఆ విధేయతను తప్పుపట్టండి, నేను కూడా తప్పుపడతాను. అయితే జరగని పనిని ఆమె మీద మోపకూడదు.

కృష్ణాతీరం:
తేదీలు చూసుకున్నాను. నేను చదివినది తప్పే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మంత్రిగా ఆమె చేసిన పని సంగతి ఎవరైనా చెప్పండి. బుకారెస్ట్‌లో ఎండ కాస్తుంటే ఆమె గొడుగు వేసుకుని నడిచారని, ఎందుకని అడిగితే మాస్కోలో వాన పడుతోందని జవాబిచ్చారని అక్కడి జనం చెప్పుకునేవారట. ఆ మాటలో నిజమెంత?

సరిహద్దురేఖ:
విదేశాంగ శాఖ వరకైతే జనం చెప్పుకున్నది దాదాపు నిజమే. ఆమెకు ముందు ఆ శాఖను చూసినవారు గెయోర్గె తతరెస్కు. ఆయన పాతకాలపు ఉదారవాది, రాజు హయాంలో ప్రధానిగా కూడా పనిచేశారు. ఆయనను తప్పించి ఆమెను కూర్చోబెట్టిన రెండు నెలలలోపే, 1947 డిసెంబరు 30న, మిహాయ్ రాజు సింహాసనం వదులుకోవలసి వచ్చింది. పాత దౌత్యవేత్తలను శాఖ నుంచి తొలగించి, పార్టీ నమ్మినవారిని నింపారు.

సర్పద్వీపం ఉదాహరణ తీసుకోండి. నల్లసముద్రంలో డాన్యూబ్ ముఖద్వారం ఎదుట ఉన్న ఆ చిన్న దీవిని 1948 ఫిబ్రవరిలో మాస్కోలో కుదిరిన ఒప్పంద పత్రం ద్వారా సోవియట్ యూనియన్‌కు ఇచ్చేశారు. ఆ పత్రం మీద సంతకం చేసినది ప్రధాని పెత్రు గ్రోజా, ఆమె కాదు. అదే ఏడు మే 23న దీవిని అప్పగించినట్టు రాతకోతలు పూర్తిచేసినవారు మాత్రం ఆమె శాఖకు చెందిన అధికారి ఎడ్వర్డ్ మెజిన్‌చెస్కు. పార్లమెంటులో చర్చ జరగలేదు. ఆ దీవి చుట్టూ ఉన్న సముద్రం ఎవరిదన్న వివాదం రొమేనియాకూ ఉక్రెయిన్‌కూ మధ్య అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి 2009లో గాని తేలలేదు. 2022 యుద్ధం మొదలైన రోజున వార్తలలో మారుమోగినది ఆ దీవి పేరే.

డాన్యూబ్ నది విషయం కూడా అంతే. 1948 ఆగస్టులో బెల్‌గ్రేడ్‌లో జరిగిన సమావేశానికి రొమేనియా తరఫున ఆమే వెళ్లారు. నది ఒడ్డున ఉన్న దేశాలకే నది మీద పెత్తనం ఉండాలన్న వాదన వినడానికి న్యాయంగానే ఉంది. కాని సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ తెచ్చిన ముసాయిదానే తూర్పు దేశాలన్నీ దాదాపు ఉన్నదున్నట్టుగా ఆమోదించాయి. 1921 నాటి ఒప్పందంతో నది మీద హక్కులు పొందిన బ్రిటన్, ఫ్రాన్స్ బయటికి పోయాయి. ఆ సమావేశానికి కొద్ది వారాల ముందే, జూన్ చివరలో, బుకారెస్ట్‌లో కూర్చుని యుగోస్లావియా పార్టీని కోమిన్‌ఫాం (సోవియట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీల కూటమి) నుంచి వెలివేశారు. వెలివేసినవారే వెలివేయబడినవారి రాజధానికి వెళ్లి, అదే బల్ల దగ్గర కూర్చుని, ఒకే పత్రానికి ఓటు వేశారన్నమాట.

కాబట్టి విదేశాంగ మంత్రిగా ఆమెకు స్వతంత్రమైన విదేశాంగ విధానమంటూ ఏదీ లేదు. ఆమె బలమంతా పార్టీని నడిపించే కార్యదర్శివర్గంలో ఉంది. ఆమె సొంత నిర్ణయాల కోసం వెతకాలంటే అక్కడే వెతకాలి.

నల్లరేగడి:
సరిహద్దురేఖ గారి చివరి వాక్యం పట్టుకుని ముందుకు వెళతాను. కార్యదర్శివర్గంలో వ్యవసాయం ఆమె బాధ్యత. మాది తరతరాలుగా సేద్యం చేసిన కుటుంబం గనుక ఆ భాగాన్నే నేను ఎక్కువ శ్రద్ధగా చదివాను.

1949 మార్చిలో పార్టీ కేంద్రసంఘం సమష్టి వ్యవసాయానికి మారాలని తీర్మానించింది. రైతులు తమంత తాముగా వచ్చి చేరాలన్నది కాగితం మీది మాట. రైతుకు రెండు వైపుల నుంచి ఒత్తిడి వచ్చింది. ఒక వైపు పండిన దానిలో ఇంత ధాన్యం ప్రభుత్వానికి అప్పగించాలన్న నిర్బంధం. నిజాం కాలపు లెవీ గల్లా కథలు విన్నవారికి దాని బరువు వేరే చెప్పనక్కరలేదు. రెండో వైపు కాస్త భూమి, ఒకరిద్దరు పాలేర్లు ఉన్న ప్రతి రైతుకూ ‘చియబూర్’ అన్న ముద్ర. రష్యాలో కులక్ అన్నది అక్కడ చియబూర్. ఆ ముద్ర పడిన ఇంటికి పన్ను పెరిగేది, ధాన్యం వంతు పెరిగేది, పిల్లలకు పై చదువుల దారి మూసుకుపోయేది.

ఆనా పౌకర్ సమష్టి సేద్యాన్ని వ్యతిరేకించలేదు. ట్రాక్టర్లు, విత్తనాలు, శిక్షణ పొందిన మనుషులు సిద్ధం కాకముందే రైతును నెట్టకూడదని, తొందరపడితే గ్రామాలు తిరగబడతాయని ఆమె వాదించారు. 1950 వేసవిలో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స కోసం ఆమె మాస్కో వెళ్లారు. ఆ నెలలలోనే పార్టీ నాయకుడు గెయోర్గియు-దేజ్, ఆయన అనుచరుడు అలెగ్జాండ్రు మొఘియొరోష్ సమష్టి క్షేత్రాల ఏర్పాటును ఉద్ధృతం చేశారు. కొట్టి, బెదిరించి, అర్ధరాత్రి పంచాయతీ కార్యాలయానికి పిలిపించి సంతకాలు పెట్టించారు. పలుచోట్ల రైతులు తిరగబడ్డారు. ఆమె తిరిగి వచ్చాక ఆ దూకుడుకు కళ్లెం వేశారు. మరుసటి ఏడు కొత్త క్షేత్రాల ఏర్పాటు దాదాపుగా ఆగిపోయింది.

వయసు యాభై ఏడు, ఒంట్లో ప్రాణాంతకమైన జబ్బు, పక్కనే పొంచి ఉన్న ప్రత్యర్థులు. అలాంటి స్థితిలో స్టాలిన్ బతికి ఉండగానే రైతును తొందరపెట్టవద్దని అనడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క విషయంలో నాకు ఆమె మీద గౌరవం ఉంది, దానిని దాచుకోను.

సాక్ష్యం:
నల్లరేగడి గారి భావన నాకు అర్థమైంది. కాని గౌరవం అనే మాట వాడే ముందు సిగెత్ జైలును ఒకసారి తలచుకోవాలని మనవి చేస్తున్నాను. ఉత్తరాన సోవియట్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ ఊరి జైలులో 1950 మే నుంచి మాజీ మంత్రులను, బిషప్పులను, విద్యావేత్తలను కుక్కారు. రైతు పార్టీ నాయకుడు యులియు మనియు తన ఎనభయ్యవ ఏట, 1953 ఫిబ్రవరిలో, అక్కడే చనిపోయారు. చరిత్రకారుడు గెయోర్గె బ్రతియాను అదే ఏడు అక్కడే చనిపోయారు. ఆనా పౌకర్ ఎవరి కుర్చీలో కూర్చున్నారో ఆ తతరెస్కు కూడా ఆ గోడల మధ్యనే ఏళ్లు గడిపారు. ఇవి మొదలైనప్పుడు ఆమె కార్యదర్శివర్గంలో ఉన్నారు. ఆమె చేయి ఎత్తకుండా అవి జరగలేదు.

1951 జూన్‌లో యుగోస్లావియా సరిహద్దు గ్రామాల నుంచి సుమారు 40 వేల మందిని రైలు పెట్టెలలో ఎక్కించి ఆగ్నేయ రొమేనియాలోని బరగాన్ మైదానంలో దింపారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు, ముసలివారు ఉన్నారు. నెత్తిన కప్పు లేదు. కొయ్య గుంజలు పాతి ఇదే మీ స్థలమని చూపించారు. తలదాచుకోవడానికి చాలామంది నేలలో గుంతలు తవ్వుకున్నారు. అప్పటికి ఆమె మంత్రి, కార్యదర్శి కూడా. వ్యవసాయంలో మెత్తగా ఉన్నారన్న ఒక్క మాటతో ఆ గుంతలు పూడిపోవు.

పాతపత్రిక:
సాక్ష్యం గారూ, మీరు చెప్పినవాటిలో ఒక్కదానినీ నేను కాదనను. 1944 ఆగస్టులో వెయ్యి మంది కూడా లేని పార్టీని నాలుగేళ్లలో పది లక్షలు దాటించినవారిలో ఆమె ముందు వరుసలో ఉన్నారు. ఆ సంఖ్య కోసం నిన్నటిదాకా యూదులను వేటాడిన ఫాసిస్టు ఐరన్ గార్డు దళాల కింది శ్రేణి వారిని కూడా చేర్చుకున్నారు. ఒక యూదు స్త్రీ దానికి ఎలా ఒప్పుకున్నారో నాకు నేటికీ మింగుడుపడదు.

అయితే నన్ను ఆలోచింపజేసినది మరొకటి. 1952లో ఆమె మీద పెట్టిన నేరాల పట్టికలో సిగెత్ లేదు, బరగాన్ లేదు, దీవి అప్పగింత లేదు. రైతుల పట్ల మెతకగా ఉన్నారని, చియబూర్లను కాపాడారని, యూదులను వెళ్లనిచ్చారని ఉంది. ఏ పనులకైతే ఆమె నిజంగా జవాబు చెప్పాలో వాటిని ఎవరూ అడగలేదు. ఏ పనులు ఆమెకు కాస్తో కూస్తో మంచి పేరు తెస్తాయో వాటికే శిక్షించారు. ఆమె ప్రస్థానంలో నేను చూస్తున్న అసలు విషయం ఇదే.

దస్త్రాలగది:
యూదుల వలస ప్రస్తావన వచ్చింది గనుక కొంచెం వివరిస్తాను. యుద్ధం తర్వాత రొమేనియాలో మూడున్నర లక్షలకు పైగా యూదులు మిగిలారు. 1950 తర్వాత సోవియట్ శిబిరంలోని చాలా దేశాలు యూదులను పెద్ద సంఖ్యలో వెళ్లనివ్వలేదు. 1950 వసంతం నుంచి 1952 వసంతం వరకు, రెండేళ్లలో, దాదాపు లక్ష మంది కాన్‌స్టాంట్సా రేవు నుంచి ‘ట్రాన్సిల్వేనియా’ వంటి ఓడలలో ఇజ్రాయెల్‌లోని హైఫా చేరారు. ఈ నిర్ణయం వెనుక ఆమె ఉన్నారని పార్టీ దస్త్రాలు చెబుతున్నాయి. అదే సమయంలో జియోనిస్టు (యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమం) నాయకుల అరెస్టులు కూడా జరిగాయి కాబట్టి చిత్రం ఒకే రంగులో లేదు. ఆమె సొంత తమ్ముడు జల్మన్ నిష్ఠాపరుడైన యూదు. ఆమె పతనం తర్వాత ఆయనను కూడా జైలులో పెట్టారు.

భువనగిరివాసి:
మొదటి టపాలో పాతపత్రిక గారు మన పత్రికలలో ఆమె పేరు కనిపించిందన్నారు. దానికి కారణం ఉంది, అది మన నేలకు సంబంధించినదే గనుక చెబుతాను.

1947 సెప్టెంబరులో పోలండ్‌లో కోమిన్‌ఫాం పుట్టినప్పుడు రొమేనియా తరఫున కూర్చున్న ఇద్దరు దేజ్, ఆనా పౌకర్. యుగోస్లావియాను వెలివేశాక ఆ సంస్థ కార్యాలయం, దాని వారపత్రిక బెల్‌గ్రేడ్ నుంచి బుకారెస్ట్‌కు మారాయి. ఆ పత్రిక 1950 జనవరి 27 సంచికలో వచ్చిన సంపాదకీయం, వలస దేశాల ప్రజలు చైనా నడిచిన దారిని చూసి నేర్చుకోవాలని రాసింది. అప్పటికి తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతోంది. చైనా దారి మనకు సరిపోతుందని ఆంధ్ర కమ్యూనిస్టులు ముందే వాదించగా, అఖిల భారత నాయకుడు రణదివే దానిని తీవ్రంగా ఖండించి ఉన్నారు. బుకారెస్ట్ నుంచి వచ్చిన ఆ సంపాదకీయంతో బలాబలాలు తారుమారై, కొద్ది నెలలలోనే చండ్ర రాజేశ్వరరావు గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. మరుసటి ఏడు మన నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది.

ఆ సంపాదకీయానికి ఆనా పౌకర్ కారణమని నేను అనడం లేదు. ఆ పత్రిక సంపాదకత్వం సోవియట్ వారి చేతిలో ఉండేది. నల్లగొండ పల్లెలలో ప్రాణాలొడ్డి పోరాడుతున్నవారి దారిని మలుపు తిప్పిన కాగితం ఆమె మంత్రిగా ఉన్న నగరంలో అచ్చయిందన్నంత వరకే నా మాట. మా ఊరి పెద్దలు కొందరు ఆ రోజులలో బుకారెస్ట్ పేరును పక్క తాలూకా పేరు పలికినట్టు పలికేవారు.

పాతపత్రిక:
భువనగిరివాసి గారూ, ధన్యవాదాలు. నాన్నగారి పెట్టెలోని కాగితాలకు ఇప్పుడు నాకు అర్థం తెలిసింది. ఆమె పతనం క్రమం కూడా ఎవరైనా చెబితే చర్చ ఒక కొలిక్కి వస్తుంది.

దస్త్రాలగది:
1952 జనవరిలో రొమేనియా కరెన్సీని మార్చారు. జనం దాచుకున్న డబ్బులో చాలా భాగం విలువ పోయింది. ఆర్థిక మంత్రి వసీలె లూకా దానికి అడ్డుపడ్డారన్న ఆరోపణతో దేజ్ దాడి మొదలుపెట్టారు. మే చివరి కేంద్రసంఘ సమావేశంలో లూకాను, ఆయనను వెనకేసుకొచ్చారంటూ హోం మంత్రి తెయోహరి జోర్జెస్కును, ఆనా పౌకర్‌ను కలిపి దించేశారు. జూన్ మొదట్లో దేజ్ ప్రధాని అయ్యారు. జూలైలో విదేశాంగ శాఖ సిమియోన్ బుగీచ్ చేతికి వెళ్లింది.

స్టాలిన్ అనుమతి లేకుండా ఇదేదీ జరిగేది కాదు. ప్రాగ్‌లో చెకోస్లోవేకియా పార్టీ మాజీ ప్రధాన కార్యదర్శి స్లాన్‌స్కీని 1951 నవంబరులో పట్టుకుని, 1952 డిసెంబరులో మరో పదిమందితో పాటు ఉరితీశారు. ఆ విచారణలో నిందితులు పద్నాలుగు మంది, వారిలో పదకొండు మంది యూదులు. 1953 జనవరిలో మాస్కోలో యూదు వైద్యుల మీద కుట్ర కేసు బయటపెట్టారు. ఫిబ్రవరి 18న ఆనా పౌకర్‌ను అరెస్టు చేశారు. బుకారెస్ట్‌లోనూ అలాంటి విచారణ జరపడానికే ప్రశ్నలు మొదలుపెట్టారు. మార్చి 5న స్టాలిన్ చనిపోయారు. ఏప్రిల్ 20న ఆమెను విడుదల చేసి ఇంటి నిర్బంధంలో ఉంచారు. స్టాలిన్ మరణ వార్త విని ఆమె ఏడ్చారని, ఏడవవద్దని, ఆయన బతికి ఉంటే నువ్వు చనిపోయి ఉండేదానివని మొఘియొరోష్ అన్నాడని చరిత్రకారులు నమోదు చేశారు.

లూకాకు మొదట మరణశిక్ష, తర్వాత యావజ్జీవం పడి, 1963లో జైలులోనే మరణించారు. ఆమె మీద బహిరంగ విచారణ జరగనే లేదు.

సాక్ష్యం:
పాతపత్రిక గారు చెప్పిన నేరాల పట్టిక మాట మీద రెండు రోజులు ఆలోచించాను. సిగెత్ విషయంలో నా అభిప్రాయం మారలేదు, మారదు. అయితే ఆ పట్టికకు 1961లో జరిగినది కూడా కలపాలి. అప్పటి కేంద్రసంఘ సమావేశంలో దేజ్ మాట్లాడుతూ, సమష్టి సేద్యం పేరుతో 80 వేలకు పైగా రైతులను అరెస్టు చేశారని, 30 వేలకు పైగా మందిని బహిరంగంగా విచారించారని ఒప్పుకున్నాడు. ఆ పాపమంతా పౌకర్, లూకా, జోర్జెస్కులదేనన్నాడు. 1952లో రైతుల పట్ల మెతక అన్నవాడే 1961లో రైతుల పట్ల క్రూరురాలన్నాడు. అప్పటికి ఆమె చనిపోయి ఏడాదిన్నర అయింది. అరెస్టుల లెక్క నిజమే, అరెస్టయిన రైతులూ నిజమే. వారి బాధను సైతం దేజ్ తన పదవి నిలుపుకోవడానికి వాడుకున్నాడన్నది నాకు ఈ చర్చలోనే స్పష్టపడింది. ఆమె మరణం తర్వాత కూడా సమష్టీకరణ ఆగలేదు, 1962లో పూర్తయిందని ప్రకటించారు. ఆ చివరి ఏళ్ల ఒత్తిడికి ఆమెను బాధ్యురాలిని చేయడానికి వీలే లేదు.

నల్లరేగడి:
సాక్ష్యం గారూ, మీరు చెప్పిన బరగాన్ సంగతి నేను మొదట రాసినప్పుడు నా దృష్టిలో లేదు. గౌరవం అన్న మాటను వెనక్కి తీసుకోను గాని, అది 1950 నాటి ఆ ఒక్క నిర్ణయానికే పరిమితమని ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నాను.

అనువాదకురాలు:
ఇంతవరకు చదువుతూ మాత్రమే ఉన్నాను. ఒక వివరం ఎవరూ చెప్పలేదు గనుక రాస్తున్నాను. నిర్బంధం సడలించిన తర్వాత ఆమెకు బుకారెస్ట్‌లోని రాజకీయ గ్రంథాల ప్రచురణ సంస్థ కోసం ఫ్రెంచి, జర్మన్ భాషల నుంచి అనువాదాలు చేసే పని ఇచ్చారు. నా బతుకుతెరువు కూడా అనువాదమే కావడం వల్ల ఆ ఏళ్లు నన్ను వదలవు. ఒకప్పుడు ఆమె మాటలను ఇతర దేశాల దుబాసీలు అనువదించేవారు. ఇప్పుడు ఇతరుల వాక్యాలను ఆమె ఇంట్లో కూర్చుని రొమేనియన్‌లోకి మారుస్తున్నారు. పార్టీ సభ్యత్వం తిరిగి ఇవ్వలేదు. భర్త ఏమయ్యాడన్నది ఆమెకు అధికారికంగా తెలియజేసినది 1959లోనే, అంటే ఆయనను కాల్చిన ఇరవై ఒక్క ఏళ్లకు. క్యాన్సర్ తిరగబెట్టి 1960 జూన్ 3న ఆమె చనిపోయారు.